ఇంగ్లండ్ పల్లెల్లో రెండు రాత్రులు: కాట్స్‌వోల్డ్స్, పీక్ డిస్ట్రిక్ట్, లేక్ డిస్ట్రిక్ట్... ఎవరికి ఏది?

శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలంటే చేతిలో ఉండేది ఒక పూర్తి రోజు, ఇంకో పూట. అంతే. ఇంగ్లండ్‌లో పల్లె వీకెండ్ ఎంచుకునేవాళ్ళు చాలామంది ఈ లెక్క వదిలేసి, చూడాల్సిన ఊళ్ళ జాబితాతో మొదలుపెడతారు. శనివారమంతా పార్కింగ్ వెతకడంతోనే సరిపోతుంది. ఎక్కడికెళ్ళాలో తేల్చుకోవడానికి మా కొలబద్ద ఒక్కటే: బసకు దిగాక మళ్ళీ కారు తాళం ముట్టుకోకుండా ఒకటిన్నర రోజు హాయిగా గడుస్తుందా? గడిచేట్టయితే అది మంచి ఎంపిక. ప్రతి పూటా ఎక్కడికో డ్రైవ్ చేయాల్సి వస్తే, ఎంత పేరున్న చోటైనా అది విశ్రాంతి వీకెండ్ కాదు.

యూకేలో ఉంటున్న తెలుగు కుటుంబాలను, చదువుకోవడానికి వచ్చిన పిల్లలను, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు "ఎక్కడికి తీసుకెళ్దాం" అని ఆలోచించేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

ముందు దూరం తేల్చుకోండి

ఇంటి గుమ్మం నుంచి బస గుమ్మానికి ఒకవైపు మూడు గంటలు దాటితే రెండు రాత్రుల ట్రిప్పు పెట్టుకోవద్దు. ఒక్క ఈ నియమంతోనే సగం అయోమయం పోతుంది.

లండన్, స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్ వైపు ఉన్నవాళ్ళకు కాట్స్‌వోల్డ్స్ దగ్గర. పాడింగ్టన్‌లో రైలెక్కితే మోర్టన్-ఇన్-మార్ష్‌కు సుమారు గంటా నలభై నిమిషాలు. లండన్ నుంచి బోర్టన్-ఆన్-ది-వాటర్‌కు రోడ్డు మీద 140 కిలోమీటర్ల లోపే, మామూలు ట్రాఫిక్‌లో రెండు గంటలు. మాంచెస్టర్, షెఫీల్డ్, లీడ్స్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ వాళ్ళకు పీక్ డిస్ట్రిక్ట్ సరిపోతుంది. మాంచెస్టర్ పికడిల్లీ నుంచి ఈడేల్ స్టేషన్‌కు ముప్పావు గంట, షెఫీల్డ్ నుంచైతే అరగంట పైచిలుకు. బర్మింగ్‌హామ్ వాళ్ళకు ఈ రెండూ అందుబాటులోనే ఉంటాయి కాబట్టి వాళ్ళు దూరం కాకుండా మిగతా విషయాలు చూసి ఎంచుకోవచ్చు.

లేక్ డిస్ట్రిక్ట్ దగ్గరే అసలు చిక్కంతా. పేరు పెద్దది, ఫొటోలు అందరి ఫోన్లలో ఉంటాయి, అందుకని లండన్ నుంచి శుక్రవారం సాయంత్రం ఐదింటికి కారేసుకుని బయల్దేరతారు. విండర్‌మియర్ అక్కడి నుంచి సుమారు 430 కిలోమీటర్లు. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఎం6 మోటార్‌వే శుక్రవారం సాయంత్రం నత్తనడక నడుస్తుంది. ఏడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. చేరేసరికి అర్ధరాత్రి, ఆదివారం మధ్యాహ్నమే తిరుగుప్రయాణం. మాంచెస్టర్, లివర్‌పూల్, ప్రెస్టన్‌లలో ఉండేవాళ్ళకు మాత్రం లేక్స్ రెండు రాత్రులకు భేషుగ్గా సరిపోతుంది. దక్షిణాది నుంచి వెళ్ళేవాళ్ళు కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి, వీలైతే రైల్లో వెళ్ళండి. యూస్టన్ నుంచి ఆక్సెన్‌హోమ్‌కు మూడు గంటల లోపు. అక్కడ రైలు మారితే విండర్‌మియర్‌కు ఇరవై నిమిషాలు.

కాట్స్‌వోల్డ్స్: పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు మా మొదటి ఓటు

తేనెరంగు సున్నపురాయి ఇళ్ళు, చిన్న చిన్న ఏర్లు, గొర్రెలు మేసే మెత్తని కొండలు. ఎత్తులు తక్కువ, నడకలు చిన్నవి, ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఒక పబ్బో టీ దుకాణమో తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు, చంటిపిల్లలున్నవాళ్ళకు మూడింటిలో ఇదే సుఖం.

అయితే కాట్స్‌వోల్డ్స్ ఒక ఊరు కాదు. 1966లో ప్రకృతి సౌందర్య ప్రాంతంగా గుర్తించిన ఈ నేల 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా, ఐదారు కౌంటీల్లో పరుచుకుని ఉంది. బైబరీ, బోర్టన్, బ్రాడ్‌వే, కాసిల్ కూమ్ నాలుగూ ఒకే రోజులో పెట్టుకునే ప్లాను ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంది. బ్రాడ్‌వే ఉత్తరాన ఉంది, కాసిల్ కూమ్ దక్షిణాన చిప్పెన్‌హామ్ దగ్గర. ఆ రెంటి మధ్యే పల్లెరోడ్ల మీద గంటన్నర పడుతుంది. ఒక మూల పట్టుకుని అక్కడే ఉండండి.

బస ఎక్కడ అన్నది కారు ఉందా లేదా అన్నదాన్ని బట్టి. కారు లేకపోతే రైలు దిగే మోర్టన్-ఇన్-మార్ష్ తేలికే గానీ, ఊరి నడిమధ్య నుంచి ఏ429 రోడ్డు పోతుంది, పగలంతా లారీల చప్పుడు. అక్కడి నుంచి 801 బస్సెక్కి స్టో మీదుగా బోర్టన్-ఆన్-ది-వాటర్ చేరి అక్కడ ఉండటం మేలు. బోర్టన్‌లో పగలు పదకొండు నుంచి నాలుగింటి దాకా టూరిస్టు బస్సుల జనంతో అడుగు పెట్టే సందుండదు. ఆ జనాన్ని చూసి ఆ ఊరే వద్దనుకోకండి. సాయంత్రం ఐదు దాటాక బస్సులన్నీ వెళ్ళిపోతాయి. విండ్‌రష్ ఏరు, దాని మీద పొట్టి రాతివంతెనలు, బాతులు, రాత్రి బస చేసినవాళ్ళు తప్ప ఎవరూ మిగలరు. పొద్దున తొమ్మిది లోపూ అంతే ప్రశాంతం. అంటే బోర్టన్ రాత్రి ఉండాల్సిన ఊరు, పగలు వదిలిపెట్టాల్సిన ఊరు.

పగలు ఎక్కడికి? కాలినడకన స్లాటర్స్ అనే జంట ఊళ్ళకు. స్టేషన్ రోడ్డు వెంట నడిచి, ఏ429 దాటితే (బళ్ళు వేగంగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలొద్దు) పొలాల మధ్య నుంచి చక్కటి దారి. సుమారు రెండు కిలోమీటర్లు పోతే లోయర్ స్లాటర్ వస్తుంది. ఊరి మధ్య ఐ అనే చిన్న ఏరు, ఎర్ర ఇటుక పొగగొట్టంతో పాత మర. అంతా తేనెరంగు రాయే ఉన్నచోట ఆ ఒక్క ఎర్రటి గొట్టం దూరం నుంచే కనిపిస్తుంది. ప్రామ్ అయితే ఇక్కడిదాకా నెట్టుకురావచ్చు. ఇక్కడి నుంచి అప్పర్ స్లాటర్ ఇంకో కిలోమీటరున్నర. ఒక్కొక్కరే దాటాల్సిన తిరుగుడు గేట్లు, గొర్రెల మైదానం, వాన పడితే మడమలు మునిగే బురద. ప్రామ్ పనికిరాదు, చంటిపిల్లను వీపుకు కట్టుకుని వెళ్ళాలి. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్ళిన సైనికులందరూ ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్ది ఇంగ్లిష్ ఊళ్ళలో అప్పర్ స్లాటర్ ఒకటి. రానూపోనూ ఏడు కిలోమీటర్లు, ఆగి ఆగి నడిస్తే మూడు గంటలు. ఒక శనివారానికి ఇంతకన్నా అక్కర్లేదు.

కారు ఉంటే చిప్పింగ్ క్యాంప్‌డెన్ చూడండి. జనం తక్కువ. 1627లో కట్టిన రాతి సంతమంటపం మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. ఊరి నుంచి డోవర్స్ హిల్ నడిచి వెళ్ళేంత దగ్గర, పైనుంచి ఈవ్‌షామ్ లోయ మొత్తం కనిపిస్తుంది. బాత్ దాకా 164 కిలోమీటర్లు సాగే కాట్స్‌వోల్డ్ వే నడకదారి మొదలయ్యేది ఈ ఊళ్ళోనే కాబట్టి, దాని మొదటి ముక్క నడిచి వెనక్కి వచ్చినా చాలు.

బైబరీలోని ఆర్లింగ్టన్ రో ఫొటో అందరూ చూసే ఉంటారు. ఆ ఇళ్ళు నేషనల్ ట్రస్టువి, వాటిలో మనుషులు కాపురముంటున్నారు. కిటికీల్లోకి తొంగిచూడటం, గుమ్మాల మీద కూర్చుని ఫొటోలు దిగడం వాళ్ళకు రోజూ ఉండే బాధ. వెళ్ళాలనుకుంటే తొమ్మిది లోపు వెళ్ళి అరగంటలో వచ్చేయండి. దానికోసం రోజు కేటాయించొద్దు.

పీక్ డిస్ట్రిక్ట్: తక్కువ ఖర్చు, కారు లేకుండా, కాస్త నడవగలిగితే

బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు ఇదే, 1951లో ఏర్పడింది. కొండల మీద నడిచే హక్కు కోసం 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ మీదికి వందలమంది కార్మికులు గుంపులుగా ఎక్కి వెళ్ళడం, కొందరు జైలు పాలవడం ఆ చరిత్రలో భాగం. ఇవాళ మనం పొలం గట్ల మీదుగా ధీమాగా నడుస్తున్నామంటే అందులో వాళ్ళ పాత్ర ఉంది. ఈ ప్రాంతం మీద మాకున్న అభిమానానికి అదీ ఒక కారణం.

ఇక్కడ రెండు రకాల నేలలున్నాయి, ఎంపిక వీటి మధ్యే. దక్షిణ భాగం వైట్ పీక్: సున్నపురాయి, పచ్చటి లోయలు, రాతిగోడలు, టీ దుకాణాలున్న ఊళ్ళు. ఉత్తర భాగం డార్క్ పీక్: ముదురు ఇసుకరాయి, గాలి కొట్టే బోడి కొండలు, పీట్ (కుళ్ళిన మొక్కల నల్లమట్టి) బురద. విశ్రాంతికి వైట్ పీక్, కాళ్ళకు పని చెప్పాలంటే డార్క్ పీక్.

వైట్ పీక్‌లో బేక్‌వెల్ మంచి బస. షెఫీల్డ్ నుంచి బస్సు ఉంది. ఊరి పక్క నుంచే మోన్సాల్ ట్రైల్ పోతుంది. 1968లో మూసేసిన రైలు మార్గాన్ని నడకదారిగా మార్చారు. సుమారు 13.7 కిలోమీటర్లు, రైలు నడిచిన దారి కాబట్టి దాదాపు చదును. వీల్‌చెయిర్, ప్రామ్, చిన్నపిల్లల సైకిళ్ళు అన్నీ వెళ్తాయి. హాసప్ పాత స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు, కఫే ఉంది. 2011లో తెరిచిన సొరంగాలు ఒక్కోటి సుమారు 400 మీటర్ల పొడవు, లోపల దీపాలు పగటివేళల్లోనే వెలుగుతాయి, ఎండాకాలంలో కూడా చలి గాలి కొడుతుంది. పిల్లలకు ఒక స్వెటర్ సంచిలో ఉండాలి. హెడ్‌స్టోన్ సొరంగం దాటగానే ఒక్కసారిగా వయడక్ట్ (లోయ మీది ఎత్తైన కమానుల వంతెన) మీదికి వస్తాం. కింద వై నది వంపు, చుట్టూ లోయ. బేక్‌వెల్ నుంచి అక్కడిదాకా నడిచి వెనక్కి రావడం ఒక పూట పని. రెండో పూట చాట్స్‌వర్త్ ఎస్టేట్‌కు వెళ్ళండి. భవనానికీ తోటకూ టికెట్టుంది గానీ, జింకలు తిరిగే పార్కులో నడవడానికి టికెట్టు అక్కర్లేదు.

డార్క్ పీక్ అంచున కాసిల్టన్, ఈడేల్. రైలు దిగి నేరుగా కొండెక్కే వెసులుబాటు ఈడేల్‌లో ఉన్నంతగా ఇంకెక్కడా లేదు. స్టూడెంట్లకు ఇది వరం. 517 మీటర్ల మామ్ టోర్ శిఖరానికి మామ్ నిక్ కార్ పార్కు నుంచి రాళ్ళు పరిచిన మెట్ల మీదుగా ఇరవై నిమిషాలే. పైనుంచి హాలిన్స్ క్రాస్ దాకా గట్టు మీద నడిచి కాసిల్టన్‌లోకి దిగొచ్చు. కొండ అడుగున ముక్కలైన పాత తారురోడ్డు కనిపిస్తుంది. కొండచరియలు మాటిమాటికీ జారడంతో 1979లో ఆ రోడ్డును శాశ్వతంగా మూసేశారు. పిల్లలకు నేల ఎలా కదులుతుందో చూపించడానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇక్కడ జారిపడే ప్రమాదం ఎత్తుల్లోనే కాదు, వైట్ పీక్ లోయల్లోనూ ఉంది. ఎన్నో ఏళ్ళుగా కాళ్ళ రాపిడికి నునుపెక్కిన సున్నపురాయి తడిస్తే సబ్బు రుద్దినట్టే. డవ్‌డేల్‌లో నది దాటే రాళ్ళు ఇలాంటివే. మామూలు స్నీకర్లతో వెళ్ళినవాళ్ళు తడిరోజున జారతారు. పట్టున్న అరికాలున్న బూట్లే వేసుకోండి. వాన పట్టుకుంటే కాసిల్టన్ గుహలున్నాయి. పెద్దవాళ్ళకు ఊళ్ళోనే ఉన్న పీక్ కావెర్న్ నయం. స్పీడ్‌వెల్‌లో పడవ ప్రయాణం బాగుంటుంది గానీ వందకు పైగా మెట్లు దిగి, మళ్ళీ అన్నీ ఎక్కాలి.

లేక్ డిస్ట్రిక్ట్: అందంలో మిన్న, వీకెండ్‌కు మొండి

కొండలు, సరస్సులు కలిసిన దృశ్యం ఇంగ్లండ్‌లో ఇంకెక్కడా ఈ స్థాయిలో లేదు. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తొందరపడి వెళ్తే చేతికి చిక్కని చోటు అంటున్నాం, అంతే.

మొదటి సంగతి వాన. బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్లు కురుస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానికి ఇది సుమారు నాలుగు రెట్లు. రెండు రోజుల్లో ఒకరోజు మబ్బు కిందికి దిగితే కొండలు కనిపించవు. మూడు రాత్రులు ఉండమనడానికి ప్రయాణంతో పాటు ఇదీ కారణమే.

రెండోది బస. బోనెస్ ఊరు విండర్‌మియర్ సరస్సు ఒడ్డునే ఉంటుంది, కానీ వేసవి మధ్యాహ్నాలు కిటకిటలాడుతుంది. మేం యాంబుల్‌సైడ్ వైపు మొగ్గుతాం. విండర్‌మియర్ స్టేషన్ నుంచి 555 బస్సులో పావుగంట, ఇరవై నిమిషాలు. ఊరి వెనక నుంచే స్టాక్ గిల్ జలపాతానికి ఇరవై నిమిషాల నడక. అదే 555లో రైడల్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కాఫిన్ రూట్ అనే పాత కొండవాలు దారిలో గ్రాస్‌మియర్‌కు నడిచి, బస్సులో వెనక్కి రావచ్చు. ఒకప్పుడు శవపేటికలను చర్చికి మోసుకెళ్ళిన దారి అది. గ్రాస్‌మియర్‌లో కవి వర్డ్స్‌వర్త్ 1799 నుంచి 1808 దాకా ఉన్న డవ్ కాటేజీ ఉంది. అదే ఊళ్ళో చర్చి పక్కన అల్లం బిస్కట్లాంటి జింజర్‌బ్రెడ్ అమ్ముతారు. నిలవ ఉంటుంది, ఇంటికి తీసుకుపోవచ్చు.

పెద్దవాళ్ళుంటే నడక బదులు పడవ. విండర్‌మియర్ సరస్సు పొడవు 17 కిలోమీటర్లు. బోనెస్, యాంబుల్‌సైడ్, లేక్‌సైడ్‌ల మధ్య స్టీమర్లు తిరుగుతాయి. కెస్విక్ దగ్గర డెర్వెంట్‌వాటర్‌లో లాంచీ ఒడ్డు చుట్టూ ఉన్న రేవులన్నింటిలో ఆగుతుంది. ఒక రేవులో దిగి కాస్త నడిచి తర్వాతి రేవులో ఎక్కొచ్చు. మిగతా రెండు ప్రాంతాల్లోనూ లేని సుఖం ఇది. వీల్‌చెయిర్, ప్రామ్ ఉన్నవాళ్ళ కోసం నేషనల్ పార్కు వాళ్ళు గట్టు మెట్లు లేని దారులను 'మైల్స్ వితౌట్ స్టైల్స్' పేరుతో విడిగా చూపించారు. టార్న్ హౌస్ చుట్టూ ఉన్న మూడు కిలోమీటర్ల దారి వాటిలో పేరున్నది.

కొండల విషయంలో ఒక్క హెచ్చరిక. క్యాట్‌బెల్స్ ఎత్తు 451 మీటర్లే కదా అని చీరలతో, చెప్పులతో బయల్దేరుతుంటారు. శిఖరం దగ్గర చేతులు వేసి ఎక్కాల్సిన బండలున్నాయి. ఎక్కడం ఎలాగో అయిపోతుంది, తడిలో దిగడం దగ్గరే అసలు ఇబ్బంది. 978 మీటర్ల స్కాఫెల్ పైక్ సంగతి ఈ వీకెండ్‌లో మరిచిపోండి. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగాలి. వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు.

ఈ మూడూ వద్దనుకుంటే? సౌతాంప్టన్, లండన్ వాళ్ళకు న్యూ ఫారెస్ట్ ఉంది. వాటర్లూ నుంచి గంటన్నరలో బ్రాకెన్‌హర్స్ట్. నేల చదును, సైకిలు అద్దెకు దొరుకుతుంది, పొట్టి గుర్రాలు రోడ్ల మీదే తిరుగుతాయి. వాటికి తినడానికి ఏమీ పెట్టకూడదు. లీడ్స్ వాళ్ళకు యార్క్‌షైర్ డేల్స్ దగ్గర, సెటిల్‌కు రైల్లో సుమారు గంట. 80 మీటర్ల మాలమ్ కోవ్ రాతిగోడ, 24 కమానుల రిబ్‌ల్‌హెడ్ వయడక్ట్ చూడదగ్గవి. సెవెన్ సిస్టర్స్ సున్నపు కొండల్ని ఒకరోజు ట్రిప్పుగా ఉంచుకోండి. అక్కడ అంచు దగ్గర ఫొటోలు దిగొద్దు, ఆ సుద్దరాయి చెప్పాపెట్టకుండా విరిగి పడుతుంది.

కాటేజీయా, బీ అండ్ బీయా?

ఇద్దరే అయితే బీ అండ్ బీ (గది, పొద్దున టిఫిను ఇచ్చే బస) గానీ, పైన గదులున్న పబ్బు గానీ. నలుగురు దాటితే కాటేజీ. కాటేజీ అద్దె ఇంటికి, మనిషికి కాదు కాబట్టి మనుషులు పెరిగేకొద్దీ తలకు పడేది తగ్గుతుంది. పైగా పప్పూ అన్నం వండుకోవచ్చు. కానీ చాలా కాటేజీలు వారాంతంలో శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులకే ఇస్తాయి. సాయంత్రం నాలుగింటికి తాళం, వెళ్ళే రోజు పదింటికి ఖాళీ.

వంట కోసం కాటేజీ తీసుకునే తెలుగువాళ్ళు ముందే అడగాల్సినవి కొన్నున్నాయి. పొయ్యి ఇండక్షనా, మామూలు ఎలక్ట్రిక్కా, గ్యాసా? ఇండక్షన్ అయితే ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ వేడెక్కనే వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకుంటేనే అది పనికొస్తుంది. పొగ అలారం వంటింటికి ఎంత దూరంలో ఉంది? ఎండుమిర్చి తాలింపుకు పాత ఇళ్ళలో అలారం మోగడం ఖాయం. కిటికీ తీసి, వంటింటి తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేశాకే నూనె పెట్టండి. అలారాన్ని మాత్రం ఊడదీయకండి, గుడ్డ కప్పకండి. తెల్లటి కౌంటర్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి. మరకకు డిపాజిట్‌లో కోత పడొచ్చు. పల్లె కాటేజీలకు చాలావాటికి ఊరి డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. సింకులో నూనె పోయడం, టాయిలెట్‌లో వైప్స్ వేయడం చేస్తే ఆదివారం పొద్దున పొంగుతుంది.

పెద్దవాళ్ళుంటే ఇంకో రెండు ప్రశ్నలు: బాత్రూమ్ ఏ అంతస్తులో ఉంది, మెట్లు ఎంత నిటారు? మూడు వందల ఏళ్ళ నాటి ఇంట్లో పడకగది పైన, బాత్రూమ్ కింద ఉండటం, మెట్లు ఏటవాలు నిచ్చెనలా ఉండటం మామూలే. రాత్రి రెండుసార్లు లేచే నాన్నగారికి అది నరకం. మెట్ల ఫొటో పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

తిండి సంగతి

పబ్బు వంటగదులు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మూసి, ఐదున్నర, ఆరింటికి తెరుస్తాయి. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఆఖరి ఆర్డర్. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఊరు చేరితే బీరు దొరుకుతుంది గానీ భోజనం దొరకదు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్ళండి. ఆదివారం రోస్ట్ (కాల్చిన మాంసం, కూరగాయల భోజనం) మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, నాలుగింటిదాకా. బల్ల ముందే బుక్ చేయాలి, ఆ రాత్రి చాలా పబ్బుల్లో వంటే ఉండదు. పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం చట్టప్రకారం ఆరు గంటలే తెరుస్తాయి, మామూలుగా పది నుంచి నాలుగు. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చిపెట్టుకోండి.

శాకాహారులు మెనూలో 'వి' గుర్తు చూసి వదిలేయకుండా అడగాల్సినవి ఉన్నాయి. రోస్ట్ మీద పోసే గ్రేవీ మాంసం రసంతో చేసిందై ఉండొచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు తప్పనిసరి. ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, చాలా ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో బంగాళాదుంపలను బీఫ్ కొవ్వులో వేయిస్తారు. "ఏ నూనెలో వేయిస్తారు?" అని ఒక్కమాట అడిగితే సరి, వాళ్ళేమీ అనుకోరు. బీఫ్ తిననివాళ్ళు పేర్లు కూడా చూసుకోండి: కాటేజ్ పైలో బీఫ్, షెపర్డ్స్ పైలో గొర్రె మాంసం. సూయెట్ అని రాసి ఉన్న డంప్లింగ్స్, ఆవిరి పుడ్డింగ్‌లలో మామూలుగా ఉండేది బీఫ్ కొవ్వే. బీ అండ్ బీలో శాకాహార అల్పాహారం కావాలంటే ముందురోజే చెప్పండి. పుట్టగొడుగులు, బీన్స్, టమాటా, హ్యాష్ బ్రౌన్, టోస్ట్ పెడతారు. గుడ్డు వద్దంటే అదీ చెప్పాలి.

కారు తీసుకెళ్తే, రైల్లో వెళ్తే

ఇండియా లైసెన్సుతో ఇక్కడ స్థిరపడినవాళ్ళు మొదటి 12 నెలలే నడపగలరు. అద్దెకు ఆటోమేటిక్ కావాలంటే వారాల ముందు బుక్ చేయండి. డ్రైవర్ పేరుమీదే క్రెడిట్ కార్డు ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. పల్లెరోడ్ల మీద 60 మైళ్ళ పరిమితి ఉంటుంది. అది చట్టం ఒప్పుకునే గరిష్ఠం, ఆ వంపుల్లో వెళ్ళాల్సిన వేగం కాదు. ఒక్క బండి పట్టే రోడ్లలో ఎదురు బండి వస్తే, పక్కకు తప్పుకునే చోటు మన ఎడమన ఉంటే అందులోకి దిగాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మన పక్కనే ఆగి, వచ్చేవాళ్ళను అందులోకి రానివ్వాలి. వెనక్కి నడపడం రాకపోతే ఈ రోడ్ల జోలికి పోవద్దు. గుర్రం ఎదురైతే గంటకు పది మైళ్ళ లోపు, రెండు మీటర్ల ఎడం.

పల్లెల్లో ఒక పోస్ట్‌కోడ్ కిలోమీటర్ల మేర పొలాలకు వర్తిస్తుంది. సాట్‌నావ్ "చేరుకున్నారు" అన్నచోట గొర్రెలు తప్ప ఇల్లు కనిపించదు. ఇంటివాళ్ళు పంపిన దారి వివరాలు, ఆఫ్‌లైన్ మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకోండి. సిగ్నల్ లేని కార్ పార్కుల్లో యాప్ పనిచేయదు, కాబట్టి చిల్లర నాణేలు ఉంచుకోండి. వేసవి శనివారాల్లో పదింటికల్లా పేరున్న పార్కింగులన్నీ నిండిపోతాయి.

రైలుకైతే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు పెద్దల చార్జీలో మూడోవంతు, పిల్లల చార్జీలో 60 శాతం తగ్గిస్తుంది. ఒక కుటుంబం ఒక్క పెద్ద ప్రయాణానికే దాని ఖరీదు రాబట్టుకోవచ్చు. ఇద్దరే వెళ్ళేవాళ్ళకు టూ టుగెదర్ ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నరకు ముందు చెల్లదు. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక ప్రయాణానికి గరిష్ఠ చార్జీ 2025 నుంచి 3 పౌండ్లు. ఆదివారం బస్సులు మాత్రం తక్కువ, కొన్ని ఊళ్ళకు అసలుండవు.

ఏ నెలలో

మే మూడో వారం నుంచి జూన్ చివరిదాకా మా ఎంపిక. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు, పిల్లల వేసవి సెలవులు ఇంకా మొదలవవు. మే ఆఖరి సోమవారం, ఆగస్టు ఆఖరి సోమవారం బ్యాంక్ హాలిడే వీకెండ్లు వదిలేయండి. రేట్లూ జనమూ రెండూ తారస్థాయిలో ఉంటాయి. పూల కోసమైతే ఏప్రిల్ చివర్లో అడవుల్లో బ్లూబెల్స్, ఆగస్టులో పీక్ కొండల మీద ఊదారంగు హెదర్. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. కట్టెల పొయ్యి ముందు కూర్చోవడమే ఉద్దేశమైతే అది కూడా బాగుంటుంది, అప్పుడు కాట్స్‌వోల్డ్స్‌లో పొయ్యి ఉన్న పబ్బు గదే తీసుకోండి, లేక్స్ వద్దు. పొడవైన గడ్డిలో నడిస్తే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, రాత్రికి మోకాళ్ళ వెనక, నడుము దగ్గర టిక్ పురుగులున్నాయేమో చూసుకోవాలి, ముఖ్యంగా న్యూ ఫారెస్ట్‌లో.

బుకింగ్ వరుస కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తలకిందులుగా చేస్తారు. మొదట ఆదివారం తిరుగు రైలు చూడండి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆదివారాలే పెట్టుకుంటారు, ఆ రోజు రైలు బదులు బస్సు వేస్తే రెండు గంటలది నాలుగు గంటలవుతుంది. అది సవ్యంగా ఉంటే గది. గది దొరికిన రోజే ఆదివారం మధ్యాహ్న భోజనానికి బల్ల. ఆఖరున ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాప్: కాట్స్‌వోల్డ్స్‌కు ఓఎల్45, డార్క్ పీక్‌కు ఓఎల్1, వైట్ పీక్‌కు ఓఎల్24, విండర్‌మియర్, యాంబుల్‌సైడ్ వైపుకు ఓఎల్7. కాగితం మ్యాప్ కొంటే ఫోన్‌లో దించుకునే కోడ్ దాంతోపాటే వస్తుంది. ఆకుపచ్చ గీతలున్నవి మనం నడవడానికి హక్కున్న దారులు. పొలంలో దూడలతో ఆవులుంటే దారి వాటి మధ్య నుంచే పోతున్నా, గట్టు వెంబడి దూరంగా చుట్టి వెళ్ళండి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి.